జవాబు వచ్చేదాకా

మొన్న మా షాపుకి ఒక తల్లీ కూతురూ వచ్చారు. అమీర్‌పేటలో మాది మ్యాచింగ్ సెంటర్. జాకెట్టు ముక్కలు, లైనింగులు, ఫాల్సులు, లంగాలు అమ్ముతాం. ఎవరైనా చీర పట్టుకొస్తే దానికి సరిపోయే రంగు వెతికిపెట్టడం నా పని. ఆ అమ్మాయి చీర బల్ల మీద పరిచింది. "ఏ రంగు చూపించమంటావమ్మా?" అని అడిగాను. తల్లి అందుకుంది. "దానికేం తెలుసండీ, మెరూన్ తీయండి." నేను మెరూన్ తీయలేదు. "అమ్మాయి ఇక్కడే ఉంది కదండీ, తనని చెప్పనివ్వండి" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, చీర మడతపెట్టి, కూతుర్ని లాక్కుని పక్క షాపుకి పోయింది.

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మా ఆవిడ అంతా చూస్తూనే ఉంది. "మేడమ్‌గారు పోయి నెల తిరగలేదు, అప్పుడే నీకు పూనారా ఏంటి?" అంది. నవ్వుతూనే అంది గానీ పమిటతో కళ్లు తుడుచుకుంది. నేనూ తానులు సర్దుతున్నట్టు మొహం అటు తిప్పుకున్నాను. బేరం పోయినందుకు కాదు.

మేడమ్‌గారి పేరు ఇక్కడ రాయను. తన ఫొటో గోడకి పెడతామంటేనే మండిపడిన మనిషి. మా సందు దాటి బల్కంపేట వైపు వెళ్తే, ఒక పాత రెండంతస్తుల ఇంట్లో హోమ్ ఉంది. బుద్ధి ఎదుగుదల తక్కువని కన్నవాళ్లు వదిలేసిపోయిన పిల్లలు అక్కడ పెరుగుతారు. హోమ్ ఒక ట్రస్టుది. నడిపేది మాత్రం ఆవిడే. పొడుగ్గా, గంజి పెట్టిన నేత చీరలో, ఎడమచేతికి మగవాళ్లు పెట్టుకునేంత పెద్ద గడియారంతో వచ్చేది. ఆ గడియారాన్ని చూస్తే సందులో అందరికీ దడే. చెప్పిన టైముకి బట్టలు కుట్టివ్వని టైలరు ఆవిడ వస్తోందంటే మిషను వదిలేసి టీ బండి వెనక నక్కేవాడు.

మొదటిసారి ఆవిడ మా షాపుకి వచ్చింది శ్రావణమాసంలో. షాపు కిటకిటలాడుతోంది. వెంట ఒక పిల్ల. ఆ పిల్లే రేణుక. బోనాల రోజు జనంలో ఎవరో వదిలేసిపోతే, ఎల్లమ్మ గుడి దగ్గర దొరికిందని ఆ అమ్మవారి ఇంకో పేరే పెట్టారట. ఇది తర్వాత తెలిసింది. అప్పటికి నాకు కనిపించింది, కళ్లెత్తకుండా నిలబడి కొంగు అంచు నలుపుతున్న ఒక పిల్ల. ఆ కొంగు కూడా మేడమ్‌గారిదే.

"తమ్మీ, ఈమె ఫ్రాకు కుట్టించుకుంటదట. బట్ట చూపియ్యి."

"పాపకి ఏ రంగు కావాలండీ?" అని ఆవిడనే అడిగాను.

"నాకేం ఎరుక? నేను కుట్టించుకుంటలేను గదా. ఆమె ఈడనే ఉన్నది. ఆమెనే అడుగు."

అడిగాను. పిల్ల పలకలేదు. నాకు అవతల బేరాలు పోతున్నాయి. ఆడపిల్ల కదా అని గులాబీరంగు తాను లాగి బల్ల మీద పడేశాను. "ఇది బాగుంటుందండీ."

ఆవిడ చేతి గడియారం విప్పింది. సంచిలో వేసింది. అప్పుడు అంది. "నువ్వు అడిగినవ్. ఇగ జవాబు వచ్చేదాక ఆగాలె."

ఆగాం. రేణుక ఒక్కో తానూ తీయించుకుని చెంపకి ఆనించుకుంది. నా ఒళ్లు మండిపోయింది. కొత్త బట్ట, ఎవరైనా చెంపకి రుద్దుతారా? వెనక ఎవరో "జర జల్దీ కానియ్యండి భాయ్" అని అరుస్తున్నారు. మేడమ్‌గారు మాత్రం ప్రపంచంలో ఇంకే పనీ లేనట్టు స్టూలు మీద కూర్చుంది. చివరికి చిలకపచ్చ బట్ట చెంప మీద ఆగిపోయింది. పిల్ల తలెత్తి నన్ను చూసి, నోరంతా తెరిచి నవ్వింది. ఆ మొహం అలా నవ్వగలదని నేను అనుకోలేదు.

మేడమ్‌గారు సంచిలోంచి గడియారం తీసి పెట్టుకుంది. వెంటనే మునుపటి మనిషి అయిపోయింది. "ఏం చూస్తున్నవ్ తమ్మీ, టైమైతుంది, తొందరగా కొయ్యి."

అప్పట్నుంచి మా షాపే వాళ్ల ఆస్థాన షాపు. అందరికీ ఒకే తానులోంచి కోసి పంపమని ఒక్కసారి కూడా చెప్పలేదు. ఒక్కొక్కరినీ వెంటబెట్టుకు రావడం, గడియారం సంచిలోకి పోవడం, నేను లోలోపల పళ్లు నూరుకోవడం, ఇదే వరస. పళ్లు నూరుకోవడం ఎప్పుడు మానేశానో నాకే గుర్తులేదు.

ఆ ఇంట్లో ఇంకో పద్ధతి ఉండేది. ఎవరి గదిలోకి పోవాలన్నా తలుపు తట్టాలి. తలుపు బార్లా తెరిచి ఉన్నా సరే తట్టాలి. లోపలివాళ్లు రమ్మంటేనే అడుగు పెట్టాలి. మొదట్లో ఒకసారి కుట్టిన బట్టలు పట్టుకుని వెళ్లాను. మేడమ్‌గారు ఒక గది ముందు నిలబడి తట్టింది. లోపల మంచం మీద ఒక పిల్లవాడు పడుకుని ఉన్నాడు. మాట రాదు, లేవలేడు.

"ఆ బాబు మాట్లాడలేడు కదండీ, తట్టి ఏం లాభం?" అన్నాను.

"మాట రాకపోతే జవాబు రానట్టేనా? చెయ్యి చూడు."

చూశాను. చాలాసేపటికి ఆ పిల్లవాడి వేళ్లు దుప్పటి మీద మెల్లగా ముడుచుకున్నాయి.

"వద్దంటున్నడు" అంది ఆవిడ. "ఇయ్యాల మనసు బాగ లేనట్టున్నది. రేపు రా తమ్మీ." నేను బట్టలు చంకన పెట్టుకుని తిరిగొచ్చేశాను. ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పి ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. మర్నాడు వెళ్తే ఆ వేళ్లు విచ్చుకున్నాయి. చొక్కా పొట్ట మీద పెడితే ఆ బాబు కళ్లు మెరిశాయి. ఆ సంగతి చెప్పినప్పుడు మా ఆవిడ నవ్వలేదు.

ఒకరి జవాబు ఇంకొకరు చెప్పకూడదన్నది ఆ ఇంట్లో శాసనం. ఆయాలకీ అంతే, వంటమనిషికీ అంతే, మాలాంటి వచ్చిపోయేవాళ్లకీ అంతే. "వీడికి ఆకలేస్తున్నట్టుందండీ" అన్నామా, ఆవిడ చూపు మన మీద పడేది. పిల్లలు ఆవిడని పెద్దమ్మ అనేవాళ్లు. అమ్మ అని పిలవనిచ్చేది కాదు. ఎందుకని ఒకసారి అడిగాను. "అమ్మ జాగ వాళ్ల అమ్మది. ఆమె వచ్చినా రాకున్నా గా జాగ నాది కాదు" అంది. వదిలేసిపోయిన తల్లికి కూడా చోటు అట్టేపెట్టిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

పుట్టినరోజుల వాళ్లతో పెట్టుకునే గొడవ మాత్రం చూసి తీరాలి. కారు దిగి, కేకు పట్టుకుని, "మా బాబు బర్త్‌డే అండీ, పిల్లలకి భోజనాలు పెట్టి ఫొటోలు తీసుకుంటాం" అంటారు. ఆవిడ గేటు దగ్గరే ఆపేసేది. "మా పిల్లలకు మీ బాబు ఎరుకే లేడు. ముందుగాల బాబును ఆడుకోను పంపుండ్రి. దోస్తానా కలిస్తె వాళ్లే పిలుస్తరు, అప్పుడు రండ్రి." కొందరు విసుక్కుని కారెక్కేసేవాళ్లు. కొందరు నిజంగానే పిల్లల్ని పంపేవాళ్లు. "గుమ్మంలోకి వచ్చిన అన్నం ఎందుకండీ వెనక్కి పంపడం?" అంటే, "రెండు ముద్దల కోసం మొహాలు చూపియ్యాల్నా తమ్మీ? నీ పిల్లలైతే చూపిస్తవా?" అంది. 

ఇవన్నీ ఒక ఎత్తు. కిటికీ తెరలకి కొలతలు తీసుకోవడానికి వెళ్లిన రోజు చూసింది ఒక ఎత్తు.

ముందుగదిలో ట్రస్టు పెద్దాయన కూర్చుని ఉన్నారు. పంజాగుట్టలో ఆఫీసు, మా గోదావరి వైపు మనిషే. చెడ్డవాడు కాదు. పిల్లలకి జ్వరమొస్తే తన కారు పంపే మనిషి. రేణుక అప్పటికి ఈడేరింది. నెలనెలా ఆ నాలుగు రోజులూ ఆ పిల్లకి అర్థంకాక ఏడవడం, గుడ్డలు పీకి పారేయడం, ఆయాలు తల పట్టుకోవడం జరుగుతోంది. నేను కిటికీ దగ్గర టేపు పట్టుకుని ఉన్నాను. రేణుక మంచినీళ్ల గ్లాసులు తెచ్చి బల్ల మీద పెడుతోంది.

"మేడమ్‌గారూ, నేను డాక్టరుతో మాట్లాడాను" అన్నారు పెద్దాయన. "గర్భసంచి తీయించేద్దామండీ. ఏ గొడవా ఉండదు. రేపు ఏదైనా జరగరానిది జరిగినా భయం ఉండదు. ఆ పిల్లకి ఏం తెలుస్తుంది చెప్పండి?"

మేడమ్‌గారు చేతి గడియారం విప్పి సంచిలో వేసింది. నా చేతిలో టేపు అలాగే ఉండిపోయింది.

"ఆమె ఈడనే ఉన్నది సార్. ఆమెను అడుగుండ్రి."

"ఏమని అడగమంటారు?"

"నాకు చెప్పిన మాటే ఆమెకు చెప్పుండ్రి. సమజయ్యేటట్టు చెప్పుండ్రి."

పాపం, ఆయన మొహం ఎర్రబడింది. రేణుక వైపు తిరిగారు. "అమ్మా... నీకు... కడుపులో ఒక చిన్న ఆపరేషన్. డాక్టరుగారు కోసి... అది తీసేస్తారు. ఏం?" కోసి అన్నచోట ఆయన మాట ఆయనకే అడ్డం పడింది. చెమట తుడుచుకున్నారు.

రేణుక ఆయన్నే చూస్తూ నిలబడింది. ఫ్యాను తిరుగుతోంది. బయట కూరగాయల బండివాడు అరుచుకుంటూ పోయాడు. నేను "వద్దని చెప్పమ్మా" అని అరుద్దామనుకున్నాను. ఆ ఇంటి శాసనం గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాను. చాలాసేపటికి రేణుక రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది.

"నాకు నొస్తలేదు" అంది.

అంతే. నొప్పి లేనిదానికి కోయడం ఎందుకని అడిగినట్టే ఉంది.

"జవాబొచ్చింది సార్" అంది మేడమ్‌గారు. గొంతు పెంచలేదు.

పెద్దాయన మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టి, "కమిటీలో అందరూ అనుకున్న మాటండీ ఇది. మీరు కాదంటే ఇంకొకరిని చూసుకోమంటారు" అన్నారు.

"చూసుకోండ్రి. నేనున్నన్ని దినాలు మాత్రం ఆమె ఒప్పుకోకుంట ఆమె ఒంటి మీద కత్తి పెట్టనియ్య. చట్టం సుత ఒప్పది. ఆమెకు తెల్వదంటున్రు గదా, నేర్పిస్త. దసరా దాక ఆగుండ్రి."

ఆగడానికి ఒప్పుకుని ఆయన లేచారు. నేను తెరల కొలతలు తప్పుగా రాసుకుని ఇంటికి వచ్చాను. ఆ పూట ఆవిడని చూసి నాకు కలిగింది గౌరవం అంటే చాలదు. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. పెడితే తిడుతుందని మానేశాను.

మర్నాడు పొద్దున్నే షాపుకి వచ్చింది. "రంగు పోయే ఎర్ర బట్ట ఉన్నదా తమ్మీ?"

నా పరువు దెబ్బతింది. "మా షాపులో రంగు పోయే బట్ట ఉండదండీ."

"అబద్ధాలాడకు. నీ దగ్గర కొన్న లైనింగుతోని నా దుప్పటి సుత ఎర్రగైంది. గదే కావాలె. నీళ్లల్ల నానబెట్టి, గా రంగుతోని పిల్లకు నెలసరి నేర్పియ్యాలె."

షాపులో ఉన్న ఆడవాళ్లంతా తలలు దించుకున్నారు. ఆవిడకి దించుకోవాల్సిన అవసరం కనిపించలేదు. రేణుకకి రక్తం చూస్తే భయమని, ముందు రంగు నీళ్లు ఒలికించి, మరక చూపించి, ప్యాడు మార్చడం, కాగితంలో చుట్టడం, చేతులు కడుక్కోవడం ఒక్కొక్కటే ఆటలా అలవాటు చేస్తానని వివరంగా చెప్పింది. ఒకావిడ మెల్లగా దగ్గరికొచ్చి, "మా చెల్లెలి బిడ్డకు సుత గిట్లనే ఉన్నదమ్మా, జర నాకు చెప్తరా?" అంది. ఇద్దరూ నా స్టూళ్ల మీదే కూర్చుని మాట్లాడుకున్నారు. మిగతావాళ్లు సిగ్గుపడి చేతికి తగిలిందేదో కొనుక్కుని వెళ్లారు. నేను అటకెక్కి, తిట్లు తిని మూల పడేసిన ఎర్ర తాను దించాను.

దసరా ముందు రేణుక, మేడమ్‌గారు షాపుకి వచ్చారు. పండగ రద్దీ. రేణుక బల్ల దగ్గరికొచ్చి, షాపంతా వినేలా నాతో అంది. "మామా, నాకు వచ్చింది. నేనే మార్చుకున్న."

మొహం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలీలేదు. మేడమ్‌గారు నన్నే చూస్తోంది. "శభాష్ అమ్మా" అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది. మా ఆవిడ గల్లా వదిలి వచ్చి ఆ పిల్లని కావలించుకుంది. ఇదే మాట రేణుక పెద్దాయనతో కూడా చెప్పిందట. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "మంచిదమ్మా" అన్నారట. ఆపరేషన్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

తర్వాత వచ్చింది అసలు తంటా. పక్కింట్లో ఎవరిదో ఓణీల ఫంక్షను జరిగింది. రేణుక గోడ మీంచి చూసి, "నాక్కూడ" అని పట్టుబట్టింది. మేడమ్‌గారికి ఇలాంటివంటే ఒళ్లుమంట. ఆడపిల్ల ఒంటి సంగతి మైకు పెట్టి ఊరంతా చాటడం ఏంటని తిట్టే మనిషి. "మరి వద్దని చెప్పొచ్చు కదండీ?" అన్నాను.

"నన్ను అడిగిందా? నాక్కూడ అన్నది. నాకిష్టం లేదని ఆమె ఇష్టం గుంజుకుంటనా?" అని నా మీదే కసిరింది. పెద్దాయనతో పోట్లాడటం కన్నా ఇది కష్టమైన పని అనిపించింది నాకు. అక్కడ ఎదుటివాళ్ల మాట తోసేసింది. ఇక్కడ తన మాట తనే తోసేసుకుంది.

ఓణీ పెట్టాల్సింది మేనమామ. కన్నవాళ్లే లేని పిల్లకి మేనమామ ఎక్కణ్ణుంచి వస్తాడు? ఎవరు పెట్టాలని రేణుకనే అడిగారు. గడియారం సంచిలోకి పోయింది. రేణుక ఈసారి ఎక్కువసేపు తీసుకోలేదు. నా వైపు వేలు చూపించింది.

"పెద్దమ్మ తమ్మీ అంటది" అంది. "మామ."

పెద్దమ్మంటే అమ్మకి అక్క. ఆవిడకి తమ్ముడంటే అమ్మకీ తోడబుట్టినవాడే. ఇన్నాళ్లూ నన్ను మామా అంటుంటే, షాపువాణ్ణి కదా, ఏదో వరస కలిపి పిలుస్తోందనుకున్నాను. ఆ పిల్ల లెక్కకట్టి పిలుస్తోంది. ఎక్కడో తణుకు దగ్గర పుట్టినవాణ్ణి, బల్కంపేట జాతరలో దొరికిన పిల్లకి నేను మేనమామనయ్యాను. 

మ్యాచింగ్ సెంటర్ పెట్టినవాణ్ణి, నా చేత్తో వంకాయరంగు లంగాకి నారింజరంగు ఓణీ కత్తిరించాల్సి వచ్చింది. చెంపకి ఆనించుకుని తనే ఎంచుకుంది మరి. నేను మొహం చిట్లిస్తే మేడమ్‌గారు, "కట్టుకునేది నువ్వా?" అంది. ఫంక్షను నాడు పెద్దాయన సతీసమేతంగా వచ్చారు. రేణుక ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉంది. ఆయన తెరిచి ఉన్న తలుపు తట్టి, "రావచ్చా అమ్మా?" అని బయటే నిలబడ్డారు. రేణుక ఆయన్ని పైనుంచి కిందికి చూసి, "చెప్పులు" అంది. ఆయన గబగబా విప్పేసి మళ్లీ నిలబడ్డారు. అప్పుడు రమ్మంది. మేడమ్‌గారు అలా పగలబడి నవ్వడం నేను చూసింది ఆ ఒక్కరోజే.

ఇదంతా జరిగి కొన్నేళ్లయింది. పెద్దవాళ్లయిన పిల్లలకి హోమ్‌లో పై అంతస్తు ఇచ్చారు. రేణుక అక్కడే ఉంటోంది. తన అలమర తాళంచెవి మెళ్లో వేసుకుని, తన బట్టలు తనే ఉతుక్కుంటుంది.

పోయిన నెల మేడమ్‌గారికి గుండెపోటు వచ్చింది. పంజాగుట్ట ఆసుపత్రికి తీసుకెళ్లారు గానీ దక్కలేదు. హోమ్‌కే తెచ్చి, కింద ఆవిడ ఉండే గదిలోనే ఫ్రీజర్ బాక్సులో పెట్టారు. నేను వెళ్లేసరికి ఆ గదిలోకి జనం వస్తున్నారు, పోతున్నారు. దండలు, అగరొత్తులు, ఫోనులో ఎవరికో దారి చెబుతున్న గొంతులు. ఎప్పుడూ మూసి ఉండే తలుపు గోడకి ఆనేలా బార్లా తీసి ఉంది. ఎవరూ తట్టలేదు. నేనూ తట్టలేదు. గుంపులో పడి గడప దాకా వచ్చేశాను.

అప్పుడు రేణుక మెట్లు దిగి వచ్చింది. నారింజరంగు ఓణీ భుజాన వేసుకుంది, వెలిసిపోయింది అది. జనాన్ని తప్పించుకుంటూ తలుపు దగ్గరికి వచ్చి ఆగింది. గోడకి వాలిన తలుపుని వేళ్లతో తట్టింది. చేతులు కట్టుకుని నిలబడింది.

లోపలున్నవాళ్ల మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరో తలపాగా సర్దుకుంటూ పక్కకి తప్పుకున్నారు. పెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయన తలెత్తి, రేణుకని చూసి, "రామ్మా..." అనబోయి, మాట మింగేశారు. ఆ ఇంట్లో ఒకరి జవాబు ఇంకొకరు చెప్పరు. లోపలి నుంచి ఒక్కొక్కరూ లేచి, చప్పుడు చేయకుండా బయటికి వచ్చి, రేణుక వెనక నిలబడ్డారు.

నా వల్ల కాలేదు. ఏడుపు వచ్చేసింది. దగ్గరికి వెళ్లి, "రేణుకా, పెద్దమ్మ..." అన్నాను.

ఆ పిల్ల తల తిప్పలేదు. పెట్టె అద్దంలోంచి కనిపిస్తున్న మేడమ్‌గారి చేతినే చూస్తోంది, ఎక్కడైనా వేలు కదులుతుందేమోనని.

"ఆగు మామా" అంది. "పెద్దమ్మ ఇంకా చెప్పలే."

నేను నా చేతి గడియారం విప్పి జేబులో వేసుకుని, ఆ పిల్ల పక్కన నిలబడ్డాను.